ఆటల ఫీజు

దేవరకొండ డిగ్రీ కాలేజిల
పద్దులు రాసేటోణ్ణి నేను, పెరుమాళ్ల జంగయ్యను.
బంతిల గాలెంతుండాల్నో నాకు తెల్వదు,
బంతి బిల్లు మీద ఎన్ని సంతకాలుండాల్నో తెలుసు.

ఫుట్‌బాల్ జట్టుకు ఇది ఆరో ఏడు.
వచ్చింది: సున్న.
సున్న గాదు, ఆగుండ్రి,
నల్లగొండల ఓడినప్పుడు ఓదార్పుకిచ్చిన స్టీలు గిన్నె ఒకటున్నది,
ఆఫీసుల చాయకు పాలు కాగుతయి దాంట్లె.

పోయింది:
బూట్లు పదహారు జతలు,
పదకొండు మందికి పదహారెందుకు సారూ అంటే
పీడీ సారు నన్ను జూసి జాలిగ నవ్విండు.
మిర్యాలగూడ దాక డీసీఎం కిరాయి,
అరటిపండ్లు, గ్లూకోజు, మోకాలి పట్టీలు,
వారానికి రెండు ట్యాంకర్ల నీళ్లు గడ్డికి.
గడ్డి తాగేది కృష్ణ నీళ్లు.
హాస్టల్ల నల్ల ఉగాది కాడికెల్లి
గురగురమంటది గని బొట్టు రాలది.

ఎలక్షన్ల ముంగట నాలుగు స్తంభాలు పాతిచ్చిండ్రు,
రాత్రి గుడ ఆడాల్నని.
దీపాలు ఎలిగింది ఒక్కటే రాత్రి,
రిబ్బను కోసిన రాత్రి.
కరెంటు బిల్లు మాత్రం
నెల నెల ఎలుగుతనే ఉన్నది.

కెమిస్ట్రీ ల్యాబుల
బ్యూరెట్లు మూడు, పిల్లలు నలభై రెండు.

మొన్న ఆడిట్ సారు ఎర్రపెన్నుతోని రాసి వోయిండు:
"ఈ వ్యయము వలన కళాశాలకు కలిగిన లాభమేమి?"
పదిహేను రోజులల్ల జవాబియ్యాలె.
రాయవట్టిన, రాయలేకపోయిన.
లాభం లైబ్రరీకున్నదా?
ముప్పై ఏండ్ల నా జీతం కూడితే
నేను గుడ నష్టాల పద్దునే గద.
మల్లొకటి,
ఆ కేతావత్ దేవ్‌సింగు, గోల్‌కీపరు,
తండకాడి పాలక్యాన్లు దించి వస్తడు పొద్దుగాల,
చేతుల నుంచి పాలవాసన పోదు.
ఏడు గోల్లు తిన్న మ్యాచిల
ఎనిమిదోది ఆపిండు,
గాలిల నులకమంచమున్నట్టు అడ్డం వండి.
ఆ ఒక్కదాన్ని ఏ గడిల రాయాలె నేను?

ఇట్ల జర మెత్తవడ్డనో లేదో
కిటికీ ఊచలల్ల నుంచి ఒక రసీదు లోపలికొచ్చింది,
దాని ఎనక ఒక చెయ్యి,
బీఎస్సీ రెండో ఏడు, ఏదుల నవనీత.
"సార్, ఆటల ఫీజు నూటయాభై అని ఉన్నది.
నేనెన్నడు గ్రౌండుల కాలు వెట్టలె.
ఆడపిల్లలకు జట్టే లేదు.
నా నూటయాభై ఎవరి కాళ్లకు తొడిగిండ్రు?"

"రూలు బిడ్డా" అన్న.
ఆ మాట నా నోట్లె
గీతలు అరిగిన రూపాయి బిళ్ల.

రసీదు మడిచి జడ మీదికెల్లి ఎనకకు జూసి
ఆమె పోయింది. క్లాసుకు గాదు.
గ్రౌండుకు.
చెప్పులిడిచి సున్నం గీత మీద వెట్టింది, జతగ.
పోరగాండ్లు నవ్విండ్రు.
దేవ్‌సింగు నవ్వలె,
చేతులు రెండు చాపి నిలవడ్డడు, అసలు మ్యాచే అన్నట్టు.

తన్నింది.
బంతి దేవ్‌సింగు మీదికెల్లి వోయింది,
ఎలగని దీపాల మీదికెల్లి వోయింది,
కాంపౌండు గోడ దాటి
పత్తిచేన్ల వడ్డది.
మందు కొడుతున్న మనిషి ఒకసారి తల ఎత్తి
మల్ల వంగిండు.

ఆమె చెప్పులేస్కొని
చున్నీ సదురుకొని
ల్యాబు దిక్కు నడిచింది, తొందరేం లేకుండ,
బాకీ వసూలయిన మనిషి తీర్గ.

సాయంత్రం దాక చేనంత దేవులాడిండ్రు. దొరకలె.
నేను స్టాకు రిజిస్టరు తెరిచిన.
బంతి, ఒకటి.
విలువ, ఎనిమిది వందల నలభై.
పోగొట్టినవారి పేరు, తెలియదు.
కారణం అన్న గడికాడ
పెన్ను చానసేపు ఆగింది.
ఆట, అని రాసిన.