సున్నా నిలబడే దాకా

కర్నూలు మార్కెట్ యార్డులో
ఉల్లి వాసన ఉద్యోగంతో పాటే ఇస్తారు.
చొక్కా ఉతికినా పోదు, జీతం అయిపోయినా పోదు.

కాటా గది గోడకి ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి,
పన్నెండు అంశాలు, అద్దాల పటం.
ఏడోదాని మీద ఎరువుల కొట్టు క్యాలెండర్ వేలాడేది.
చేరిన రోజు "చదివి అర్థం చేసుకున్నాను" అని
సంతకం పెట్టినాను.
క్యాలెండర్ ఎత్తి చూడలేదు.

పని నేర్పింది పటం కాదు, మౌలాలి.
తెల్లారి ఐదింటికి చీపురు పట్టి
కాటా పలక మీదికి పోయేవాడు.
అది స్వీపరు పని, ఆయనది కాదు.
రాత్రి వాన పడితే చక్రాలకు అంటిన నల్లరేగడి
పలక మీదే రాలుతుంది.
"ఈ మన్ను ఎవురి లెక్కలో పడుతుంది అబ్బీ?
సున్నా నిలబడనీ. తొందరేముంది,
ఉల్లిగడ్డలు యాడికి పోతాయి."

వ్యాపారుల చాయ్ ముట్టేవాడు కాదు.
"షుగరు నాయనా" అని నవ్వి తప్పించుకునేవాడు.
షుగరు లేదని
ఆయన రిటైరైనాక వాళ్ళావిడ చెప్పింది.

ఆ యేడు దసరా ముందు
గోనెగండ్ల సుంకమ్మ లారీ నిండా ఉల్లి తెచ్చింది.
నిండు బండి తూచినప్పుడు కేబిన్లో ఎవరూ లేరు.
సరుకు దించినాక ఖాళీ బండి వచ్చింది,
అద్దం వెనక చీకట్లో
ఇద్దరు మనుషులు, తలలు వంచుకొని.
ఖాళీ బండి ఎంత బరువైతే
రైతు సరుకు అంత తరుగు.
యార్డు కుక్కలకు కూడా తెలిసిన లెక్క ఇది.

వాళ్ళు ఏజెంటు మనుషులు.
నా బిడ్డ ఫీజుకు ఏజెంటు అప్పిచ్చి ఉన్నాడు,
వడ్డీ అడగలేదు.
చూసినాను.
బటన్ నొక్కినాను.

నూటా ముప్పై కిలోలు.
సుంకమ్మ చీటీ తిరగేసి చూసింది,
వేళ్ళ కణుపుల మీద మూటలు లెక్కేసుకుంది, రొండుసార్లు.
"మా చేలోనే తూకం తప్పినట్టుంది లే సారూ" అని
చీటీ కొంగున ముడేసి, కుండలో నీళ్ళు తాగి పోయింది.

తిట్టి ఉంటే ఆ రాత్రి నిద్ర పట్టేది.

తూకం సవరణకు ఒక ఫారం ఉంది.
ఎవరూ వాడగా చూడలేదు.
బీరువా అడుగున, ఎలుకలు కొరికిన అంచుతో దొరికింది.
"కారణము" అన్న గడి చిన్నది, రెండు మాటలు పడతాయి.
"యంత్ర దోషం" అని రాస్తే సరిగ్గా సరిపోతుంది.
కాటాకు నోరు లేదు.
ఎర్ర పెన్ను పట్టుకొని చాలాసేపు కూచున్నా.
"మనుషులున్నది చూసి కూడా తూచినవాని దోషం" అని రాస్తే
అక్షరాలు గడి దాటి
ఆఫీసు వారి ఉపయోగార్థం అన్న చోటికి పోయినాయి.

సెక్రటరీ గారు కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకొని
"యంత్రమని రాస్తే పోయేది కదయ్యా" అన్నారు.
మంచి మనిషే.
మెమో ఇచ్చినారు, రాత్రి డ్యూటీకి మార్చినారు.
ఏజెంటు వారంలో అప్పు మొత్తం కట్టమన్నాడు.
మా ఆవిడ గొలుసు కుదువకు పోయింది.
ఏమీ అనలేదు,
పప్పులో మాత్రం రెండ్రోజులు ఉప్పెక్కువైంది.

సుంకమ్మకు డబ్బు ముట్టింది. ఎందుకు వచ్చిందో
ఎవరైనా చెప్పినారో లేదో.
మళ్ళా ఈ యార్డుకు ఉల్లి తేలేదు.
కందులు వేసిందన్నారు.

మొన్న క్యాలెండర్ మార్చేటప్పుడు
ఏడో అంశం చదివినాను:
"పని చేయు స్థలమును శుభ్రముగా ఉంచవలెను."
ఒక్కడినే నవ్వుకున్నా.

ఇప్పుడు నాలుగు దాటింది. వాన వెలిసింది.
హంద్రి వైపు నుంచి చల్లగా గాలి.
గేటు బయట లారీలు హారన్ కొడతా ఉన్నాయి.
పలక మీద నిలబడి ఊడుస్తా ఉంటే
గదిలో అద్దం వెనక ఎర్రగా
నా బరువే వెలుగుతా ఉంది, డెబ్బై.
మన్నంతా పోయినా అది పోదు.
నేను దిగాల.