నిడో డబ్బాల ఓటు

శుక్రవారం, నమాజు అయినంక,
సజ్జ క్యాంపు మెస్సుల ఓటింగు.
పాలపొడి డబ్బా మూతకు సందు కోసిండు దస్తగిరి.
పేకాట బల్లకు సరే అంటే శనగ గింజ,
వద్దంటే ఖర్జూరం గింజ.
వద్దనేటోడు ముందుగాల పండు తినాలె.
ఇంత తియ్యటి ఎలక్షను నేనెన్నడు సూడలే.

పద్నాలుగేండ్లాయె నా వేలికి సిరా అంటక.
ఊరి లిస్టుల నా పేరు ఉన్నదో, కొట్టేసిండ్రో.
ఇక్కడి లిస్టుల మనం బత్కా నంబర్లం.
గందుకే ఈ పండును
తొందర లేకుంట నములుతున్న.

ఏసుపాదం మాట మెత్తగుంటది, రాజోలు కొబ్బరి లెక్క:
"ఎలాగూ ఆడుతున్నారు కదండీ,
నీళ్ళ ట్యాంకు వెనకాల, సెల్లు లైటేసుకుని.
బల్లేసి ఆడితే గొడవలుండవు.
వాచ్‌మేన్‌తో నేను మాట్లాడతాను.
పందెంలో పదో వంతు పెట్టెల ఫండుకి."

పెట్టె అంటే ఎరుకేగద,
మనల ఎవడన్న సచ్చిపోతె ఇంటికి తోలే పెట్టె.
నిరుడు రెండింటికి చందా అడుక్కున్నం,
రూము రూముకు, హెల్మెట్ బోర్లిచ్చి పట్టుకొని.
గందుకే తలకాయలన్నీ ఊగినయి.

నేను ఒక్కటే అడిగిన:
ఫండు నిండేది ఎవని జేబులకెల్లి?
ఆ పెట్టెల పండేది ఎవడు?
ఎవ్వలు మాట్లాడలే.
ఏసీ గుర్రుమన్నది.

ఓడినోని ఏడుపనుకుంటరేమో.
కాదు, నేను గెలిచిన.
మూడేండ్ల కింద, రంజాన్ల, డ్యూటీ జల్ది ఇడిసే దినాలు.
అందర్ బాహర్. జోకరు ఇస్పేటు ఏడు.
గంగనర్సు లోపలన్నడు, నేను బయటన్న.
బయటనే పడ్డది.
పదకొండు వందల దిర్హాములు, ఒక్క రాత్రి.
"ఖల్లివల్లి" అన్నడు గంగనర్సు,
నవ్వినట్టే జేసిండు.
పొద్దుగాల బస్సుల నా పక్క సీట్లనే కూసున్నడు,
మామిడికాయ తొక్కు డబ్బా నా దిక్కు జరిపిండు.

ఆ పైసలతోని నేను ఫోను కొన్న.
ఆ ఫోన్లనే ఇంటికి మాట్లాడిండు గంగనర్సు:
"కంపిని లీవియ్యలేదే, వచ్చేయేడు వస్త."
కంపిని లీవిచ్చింది.
టికెట్ పైసలనే
చెవికి పెట్టుకొని మాట్లాడుతున్నడు వాడు.

ఫోను ఎన్నడో పలిగింది.
గంగనర్సు ఇంకా పద్నాలుగో రూములనే, పై బెడ్డు.

వీసాకు లక్షన్నర పోసిన్నాడే
పందెం కాసినం గదనే మనం,
ముక్క తిప్పి సూడకుంటనే.
గా ఆటే ఇంక తెగలే.
మల్లొకటెందుకు?

పెట్టెలకు నేనే హెల్మెట్ పడత,
జీతమచ్చిన్నాడు ముందుగాల నా పది దిర్హాములు ఏసి.
అడుగుడుకు నాకు సిగ్గులేదు.
దొంగాట దొంగాట లెక్కనే ఉండనియ్యుండ్రి.
ట్యాంకు ఎనుకకు పోయేటోడు
ఒక్కసారన్న ఎనుకకు మర్రి సూస్తడు.
బల్ల కాడ కుర్సీ ఏస్తే
ఎవడు సూస్తడు?

లైను కదిలింది.
నా ముందట గంగనర్సు.
దవడ ఆడుతున్నది,
పండు నములుతున్నడో, ఉత్తగనేనో.
డబ్బాల చెయ్యి పెట్టిండు.
సప్పుడు వినాలని చెవి ఒగ్గిన,
శనగది సన్నగ మోగుతది, ఖర్జూరంది బొద్దుగ.
గప్పుడే బయట నీళ్ళ ట్యాంకరు హారను కొట్టింది.

నా పండు అయిపోయింది.
గింజ ఇంక నోట్లనే ఉన్నది.