చిన్న మూడు

చూళైలో ఇనపసామాన్ల కొట్టు పైన మేడగది.
అద్దె గంటకి నూటయాభై.
ఫ్యాను వేస్తే కాగితాలు ఎగురుతాయి,
వెయ్యకపోతే మనుషులు ఎగురుతారు.

నాటకం చింతాద్రిపేట మగ్గాల మీద.
రాసింది రుక్మాంగదం,
రైలుపెట్టెల కర్మాగారంలో ముప్పైరెండేళ్లు
రంగుడబ్బాల లెక్క చూసినవాడు.
పద్యం చదువుతూ చదువుతూ ఆగిపోయి
"ఇక్కడ యతి కుంటుతోంది, ఉండండి" అని
మెట్లు దిగి, బీడీ కాల్చి,
దాన్ని నడిపించుకుంటూ పైకొస్తాడు.

బాణీలు తణికాచలానివి. తెలుగు రాదు.
"అర్థం తరవాత, ముందు మాట చెప్పు" అంటాడు.
చెప్పిన మాటని చెవి దగ్గర
కొబ్బరికాయలా ఊపి చూస్తాడు,
నీళ్లున్నాయో లేవో.
మగ్గం నడక పట్టుకోవడానికి
మూడు ఆదివారాలు కాంచీపురం బస్సెక్కాడు.
నాడె ఇటు, నాడె అటు, పలక దెబ్బ.
"ఇది ఆది కాదు, రూపకం కాదు,
నడుంనొప్పి ఉన్నవాడి తాళం" అన్నాడు తిరిగొచ్చి.
ఆ నొప్పినే మృదంగానికి నేర్పాడు.

ఎతిరాజులు రెండు వెదుళ్ల మధ్య
పాత నవారుమంచం నిలబెట్టి
ఇదే మగ్గం అన్నాడు. నవ్వాం.
అంతోని దాని వెనక దీపం పెట్టాడు.
గోడంతా పడుగు.
నవ్వినవాళ్లం చెప్పులు పక్కకి తీశాం.

ఇక పంకజవల్లి.
నేతకు పోయి తిరిగిరానివాడి భార్య వేషం.
ఇంట్లో తెలుగే, తిట్టినా లాలించినా.
బడి మాత్రం తమిళం.
తెలుగు అక్షరం ఆమెకి ఎదురింటి ముగ్గు,
చూసి బాగుందంటుంది, తొక్కకుండా దాటుతుంది.

అందుకని నాటకమంతా తమిళ లిపిలోకి
ఎక్కించే పని నాది.
అక్కడ క, గ ఒకే చొక్కా తొడుక్కుంటాయి.
ఇది గ అని తెలియాలంటే
నెత్తిమీద చిన్న మూడు వెయ్యాలి.
మందులషాపు షట్టరు సగం దించాక
బిల్లుల వెనక రాసేదాన్ని,
నిద్ర కళ్లతో, మూడు, మూడు, మూడు.
నూటనాలుగో పేజీలో ఒకటి మరిచిపోయాను.

రుక్మాంగదం రాసింది ఇలా:
గాలి చప్పుడు విని తలుపు తీశాను
గాలి లోపలికొచ్చి కూర్చుంది.

పంకజవల్లి పాడింది ఇలా:
కాలి చప్పుడు విని తలుపు తీశాను
గాలి లోపలికొచ్చి కూర్చుంది.

తణికాచలం వాయిస్తూనే ఉన్నాడు, ఆయనకేం తెలుసు.
ఆపమని లేచిన రుక్మాంగదం చెయ్యి
పైనే ఉండిపోయింది.
ఎతిరాజులు నోట్లో మేకులతో అలాగే నిలబడ్డాడు.
పెద్దాయన మెట్లు దిగాడు. బీడీకనుకున్నాం.
అరగంట.
వచ్చి తన ప్రతిలో పెన్సిల్‌తో ఒక అక్షరం దిద్ది
"ఎవరిది ఇది?" అన్నాడు.
"పేపర్లో ఉన్నదే పాడాను సార్."
నేను టార్చిలో సెల్లులు సరిగా ఉన్నాయో లేదో
చాలాసేపు చూసుకున్నాను.

పెరంబూరు హాల్లో ప్రదర్శన.
కరపత్రం మీద రచన, సంగీతం, రంగాలంకరణ, దీపాలు.
అందిచ్చేదాని పేరు ఎవరు వేస్తారు,
"మరియు మిత్రులు"లో ఎక్కడో ఉన్నాను.
పక్కతెర చాటున మోకాళ్ల మీద ప్రతి పెట్టుకుని
నూటనాలుగుకి వచ్చాను.
మూడు ఉండాల్సిన చోట ఖాళీ.
దాని మీద టార్చి వేసి, ఆర్పేశాను.

కాలి చప్పుడు విని, అంది పంకజవల్లి.

నాలుగో వరసలో ఒక ముసలాయన
మెడ తిప్పి హాలు తలుపు వైపు చూశాడు.
అక్కడ టీ కుర్రాడు
గ్లాసులు మోగకుండా వేళ్లతో పట్టుకుని
నిలబడి వింటున్నాడు.