పద్దెనిమిదో మేకు

ముప్పై ఒక్క ఏళ్ళుగా
ఈ టౌన్ హాలు గోడ మీద
పదిహేడు మంది తెల్ల మేయర్ల మొహాలు తుడుస్తున్నాను.
అద్దం మీద ఆవిరి ఊది, పాత బనీను గుడ్డతో,
ఎడమ నుంచి కుడికి.
మూడో ఆయనకి మీసాల దగ్గర దుమ్ము తొందరగా చేరుతుంది.
పదకొండో ఆయన మా నాన్నని
ఏనాడూ పేరుతో పిలవలేదు, "ఒరే అబ్బాయ్" అనేవాడు.
అప్పటికి మా నాన్నకి అరవై రెండు.
ఆయన అద్దమూ తుడిచాను,
మిగతావాటి కన్నా ఎక్కువా కాదు, తక్కువా కాదు.
కొంచెం తక్కువేనేమో, ఇవాళ ఒప్పుకుంటాను.

నిన్న రాత్రి లెక్క తేలింది.
నలభై మూడు ఓట్లు.
ఒడెస్సా ప్రూయిట్, ఇస్త్రీ మాబెల్ కూతురు,
కార్వర్స్ బెండ్‌కి మేయరు.

చర్చి కింది గదిలో జనం ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు.
డీకన్ హోలిస్ ఎగరేసిన టోపీ
ఫ్యాను రెక్కకి తగిలి చీలికలైంది.
నాకు మాత్రం కన్ను తడవలేదు.
కాగితం ప్లేటులో వేయించిన చేప చల్లారిపోతుంటే
లేనివాళ్ళని వేళ్ళ మీద లెక్కపెడుతూ కూచున్నాను.
మా అక్క వర్లీన్ మార్చిలో పోయింది.
ఓటుకి పేరు రాయించుకోడానికి వెళ్తే
రాజ్యాంగంలో ఎన్ని మాటలున్నాయో చెప్పు, అన్నారు.
ఎక్కడో పుస్తకం అడిగి తెచ్చి
మూడు రాత్రులు కిరోసిన్ దీపం దగ్గర
నిజంగానే లెక్కపెట్టింది.
మళ్ళీ వెళ్తే ప్రశ్న మార్చారు.

సంతోషానికి కూడా ఆకలిలాగా ఒక వేళ ఉంటుందేమో.
ఆ వేళ దాటితే
వడ్డించినా ముద్ద దిగదు.

పక్కింటి కుర్రాడు డెమెట్రియస్ అన్నాడు,
"అయితే ఏంటి తాతా,
రేపు కుళాయిలో నీళ్ళు ఎర్రగా రావా?"
వస్తాయి. ఎర్రగానే వస్తాయి.
ఖజానా ఊడ్చేసి చీపురు ఆవిడ చేతికిచ్చారు.
దూలాలు చెద తిన్నాకే
ఇంటి తాళాలు మన దాకా వస్తాయి, నాకు తెలియదా.
అయినా వాడి మీద ఒళ్ళు మండింది.
నేను దాచుకున్న మాట
వాడు ముందే అనేసినందుకేమో.

ఇవాళ నాలుగున్నరకే వచ్చాను.
మెట్లు కడిగాను. ఇత్తడి గడియ
మొహం కనపడేదాకా తోమాను.
మంచినీళ్ళ దగ్గర, మన కుళాయి పీకేసిన చోట,
ఎన్నిసార్లు సున్నం కొట్టినా ఆ గుండ్రటి మచ్చ
పొక్కులా పైకి తేలుతుంది.
దాని మీదా ఒకసారి గుడ్డ వేశాను.
ముందు తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి
బకెట్టు దాచేసి నిలబడ్డాను.
ఏడు. ఏడుంబావు.
వెనక తలుపు దగ్గర చప్పుడైంది.

చెత్త డబ్బాల మధ్య నుంచి,
మేయరు గారి గంజి చొక్కాల మూట మోసుకుంటూ
వాళ్ళమ్మ వెంట ఎనిమిదేళ్ళ పిల్లగా వచ్చిన దారినే
వచ్చింది, నీలం కోటు, చేతిలో కాఫీ ఫ్లాస్కు.
"కారు అటు ఆపాను, మిస్టర్ ఎజెకియల్."
నేనేమీ అడగలేదు.
ఆవిడ నా మొహం చూసి,
నా వెనక తెరిచి ఉన్న తలుపుల కేసి చూసి,
కాసేపు అలాగే ఉండిపోయింది.

ఏమీ మాట్లాడుకోకుండా
వచ్చిన దారినే ఇద్దరం బయటికెళ్ళి,
తడిగడ్డిలో బూట్లు నానుతుంటే
భవనం చుట్టూ నడిచి ముందుకొచ్చాం.
ఎవరూ చూడలేదు, పోస్టాఫీసు కుక్క తప్ప.
ఆ మెట్లు నేను కడగడానికి తప్ప
ఎప్పుడూ ఎక్కలేదు.
నాలుగో మెట్టు మీద
కాలు వణికింది. ఆవిడ మోచెయ్యి పట్టుకుంది.
అక్కడ, రాత్రంతా రానిది,
ముక్కులోంచీ కళ్ళలోంచీ ఒక్కసారే వచ్చింది.
సిగ్గేసింది. బనీను గుడ్డతోనే తుడుచుకున్నాను,
అమ్మోనియా వాసన.

ఆవిడ ఫొటో ఇంకా రాలేదు.
మేకు మాత్రం కొట్టేశాను, పదిహేడో ఆయన పక్కన.
కొంచెం వంకర పోయింది, పాత గోడ మొండిది.
పెచ్చు ఊడి నేల మీద పడింది.
ఊడ్చాలి.