చుక్కల పుస్తకం

సిరొంచ నుంచి ఆలాపల్లికి ఆఖరి బండి.
జిమలగట్ట దాటినంక కరెంటు స్తంభాలు కూడా తోడు రావు.
అక్కడి నుంచి అడవి
నా బస్సు లైట్లను
కండ్లతోని తిరిగిచ్చుడు మొదలుపెడ్తది.

నడుమెత్తున, గుంపుగ, రెప్ప కొట్టకుంట – దుప్పులు.
ఊగుకుంట, ఒకటి కనపడి ఒకటి మాయమైతే – ఎలుగు.
తారు మీద ఒక్కటే రవ్వ,
టైరు దగ్గరికొచ్చే దాంక లేవనిది – పగటి వేడికి పండుకున్న రాత్రిపిట్ట.
గడ్డిల మంచుబొట్ల లెక్క సన్నగ, వందల్ల –
అవి సాలీళ్ళు. చెప్తే ఎవ్వలు నమ్మరు.

మనిషొక్కడే ఏం తిరిగియ్యడు.
తాగి రోడ్డు నడుమ నిలబడ్డోని మీద లైటేస్తే
అంగీ గుండీ మెరుస్తది,
కండ్లు మెరువవు.
వచ్చిన వెలుగంత మింగే జాతి మనది.

"ఎలుగువి ఎర్రగున్నయన్నా,
దుప్పులవి పచ్చగున్నయి" అంటది
కండక్టరు మడావి జైవంతి, చిల్లర లెక్కపెట్టుకుంట.
ఔనౌను అంట నేను.

ఇయ్యాల చెప్తున్న:
ఇరవై రెండేండ్ల కింద గడ్చిరోలిల
చుక్కల పుస్తకం ముందల పెట్టిండ్రు.
నాకన్న ముందు పోయినోని నోటెంట
వరుస బట్టీ పట్టిన.
పన్నెండు, ఎనిమిది, ఇరవై తొమ్మిది...
నిజంగ కనపడ్డది ఒక్క పన్నెండే.
మిగిలిన పేజీలల్ల ఇసుక.

పోయిన ఎండాకాలం, ఇప్పపూలు రాలే దినాలు,
పొద్దుగూకుతున్నది.
రేపనపల్లి మూల మలుపు కాడ
జైవంతి నా భుజం పట్టి గిచ్చింది.
"పులి."
ఏది?
"ఎదురుంగనే. అంత ఎర్రగుంటే కనపడదా?"
నాకు ఎండిన గడ్డి కనపడ్డది.
గాలి లేదు.
అయినా ఆ గడ్డి
ఒక్కసారి ఊపిరి తీసింది.

పది బారల అవతల దుప్పులు,
తలెత్తి, సీదా దాని దిక్కే చూసుకుంట,
చూడకుంట.
నా లెక్కనే.

ఏమైందో, హారన్ మీద చెయ్యి పడ్డది.
దుప్పులు ఎగిరినయి, పులి పోయింది,
వెనుక సీట్ల పిల్లగాడు ఏడ్సిండు.
"ఎందుకు కొట్టినవన్నా, ఫోటో తీసేదాన్ని!"
ఏమని చెప్తా?
మా ఇంటోళ్ళను లేపిన అంటనా?

ఈసారి కొత్త డాక్టరమ్మ.
పుస్తకం నడుమకెల్లి తెరిచింది.
పన్నెండు, అన్న.
ఇంకో పేజీ తిప్పింది.
నేనేం అనలే.
"ఎద్దుకు, మేకకు, దుప్పికి
ఎరుపు, పచ్చ ఒక్క తీరే అయితయి" అని
కాగితం మీద రాసుకుంట నవ్వింది.
మంచిదే, నవ్వు.
కాగితం మాత్రం డెపోకు పోయింది.

ఇప్పుడు అహేరి బస్టాండుల పార్సిల్ కిటికీ కాడ కూసుంట.
ఎవలిదో మేక వచ్చి రసీదు బుక్కు నములుతది.
తల వంచినా, ఎత్తినా
దాని కంటి పాప అడ్డగీత అడ్డంగనే ఉంటది,
రసమట్టం గొట్టంల బుడగ తీరు.
తరిమిన కొద్దీ వస్తది.
ఇద్దరం కలిసి ఆఖరి బండి పోతుంటే చూస్తం.

లోకమంత దాన్ని ఎర్రబస్సంటది.
నేను ఇరవై రెండేండ్లు
గడ్డి రంగు బండి నడిపిన.