సాధారణం కన్నా ఎక్కువ

పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది:
మార్చి మొదలు మే ఆఖరుదాకా
రాయలసీమలో ఎండలు
సాధారణం కన్నా ఎక్కువ.

సాధారణమంటే ముప్పై ఎండాకాలాల సగటు.
మా వీధిలో ఎండిన బోరింగులు,
పన్నెండుకే దించేసిన షట్టర్లు,
సున్నం బట్టీ దగ్గర కూలబడి
మళ్లీ లేవని మా చిన్నమామ,
అన్నీ కూడి భాగిస్తే
ముప్పైతొమ్మిది పాయింటు ఆరు.

కడప ఎయిర్‌పోర్టులో
నాది పెద్ద ఉద్యోగమేం కాదు.
అరగంటకోసారి బయటికి పోవాలి.
గాలి ఎటునుంచి, ఎంత,
చూపు ఎంతదూరం ఆనుతోంది.
తెల్ల చెక్కపెట్టె తలుపు తీసి
పొడి పాదరసం, తడి పాదరసం చదవాలి.
తడిదానికి చుట్టిన మల్లుగుడ్డ పీలిక
ఈ ఆవరణ మొత్తంలో
ఇంకా పచ్చిగా ఉన్న ఒకే ఒక్క వస్తువు.
దాని గిన్నెలో పొద్దున పోసిన నీళ్లు
మధ్యాహ్నానికి సగమవుతాయి.
ఆవిరేననుకున్నా మొన్నటిదాకా.

మొన్నొకరోజు నలభైమూడు.
వేడికి గాలి పలచనై, రెక్కకు పట్టు చాలదని
విమానంలోంచి ఎనిమిదిమందిని దింపినారు.
మామిడికాయల సంచితో ఒక పెద్దాయన
నా మీదికే వచ్చినాడు:
"గాలి పలచనయ్యేదేందమ్మా,
అదేమన్నా మజ్జిగనా?"
జవాబు చెప్పేంత ఊపిరి
నాకూ లేదు ఆ పూట.

చూపు కొలిచే యంత్రం ఉంది.
నేను మాత్రం కొండల్నే నమ్ముతా.
నీళ్ల ట్యాంకు కనబడితే వెయ్యిన్నర.
ఇటుకల బట్టీ గొట్టం కనబడితే నాలుగువేలు.
పాలకొండల అంచు నీలంగా తేలితే
పదివేలు, ఇంక దిగులు లేదు.

ఏప్రిల్ పదకొండు, పగలు పదకొండున్నర.
కొండ లేదు.
గొట్టం కూడా సగమే.
"రెండువేలు, పొగ" అని రాసినా.
నాలుగు అక్షరాలకు సరిపోయింది
అక్కడ బోదగడ్డి, వెదురు,
గూడు వదలని పిట్ట కాలడం.
హైదరాబాదు విమానం
నెత్తిన రెండు చుట్లు తిరిగింది.
చప్పుడే, ఆకారం లేదు.
వచ్చిన దారినే పోయింది.

అప్పుడు ఫోను.
"జైబున్ మేడమ్, నేను ఓబులేసును,
గువ్వలచెరువు బీటు వాచర్ను.
గాలి యాడికి తిరుగుతాదో సెప్పు తల్లీ.
నలుగురం ఉండాం.
పచ్చికొమ్మలతో కొడతాండాం.
మిషనుకు పెట్రోలు అయిపాయ."

రూలు ప్రకారం నేను చెప్పాల్సింది
ఆకాశంలో ఉన్నవాళ్లకు.

"మూడున్నరకు నైరుతి నుంచి విసురుతుంది.
ఈశాన్యం పక్క నిలబడొద్దండి."
"ఈశాన్యమంటే?"
"ఒంటిమిట్ట దిక్కు."
"అట్ల సెప్పు" అని పెట్టేసినాడు.

మూడూ పదికే తిరిగింది గాలి.
రన్‌వే పక్క గాలిసంచి
ఒక్క ఊపున నిండి, బిగుసుకొని
ఒంటిమిట్ట వైపు వేలు చూపింది.
ఇరవై నిమిషాలు.
నా లెక్కలో అంత తప్పుకు పేరుంది,
అనుమతి కూడా ఉంది.
ఫోను చేస్తే
అందుబాటులో లేరనే గొంతు,
ఆరుసార్లు.
అరగంటకోసారి బయటికి పోయినా.
గాలి రాసినా, వేడి రాసినా.
నా చెయ్యి వణికినట్టు
ఆ అంకెల్లో ఎక్కడా తెలీదు.

ఏడున్నరకు మోగింది.
"బయటపడినాం మేడమ్.
సెప్పులు కరిగిపాయ, అంతే.
మీ గాలి జర ముందే వచ్చినాది."
మీ గాలి అన్నాడు,
నేనేదో మూటగట్టి పంపించినట్టు.

మరుసటి పొద్దున పెట్టె తలుపు తీస్తే
గిన్నె అంచున తేనెటీగలు.
పది, పదిహేను.
రెక్కలకు మసి ఉందేమోనని వంగి చూసినా,
కనబడలేదు.
ఎన్నాళ్లుగా తాగుతున్నాయో,
నేను ఆవిరి కింద జమకట్టుకున్న నీళ్లు.

వాటిని తోలెయ్యాలి,
తడి పాదరసం లెక్క చెడుతుంది.
క్యాంటీను నుంచి మట్టిమూకుడు తెచ్చి
నీళ్లు నింపి కాస్త ఎడంగా పెట్టినా.
పొద్దుటి రిపోర్టుకు ఇంకా నాలుగు నిమిషాలుంది.
చివరి ఈగ మూకుడు మీదికి మారేదాకా
ఆగి, అప్పుడు చదివినా.