రొయ్యకు జలుబు

ఆకివీడు షెడ్డులో రాత్రి మూడింటికి
ఐసునీళ్ళలో వేళ్ళు మొద్దుబారాక
నేను రాసిన మొదటి రిపోర్టు:
ది ప్రాన్ స్మెల్స్ బ్యాడ్లీ.

వజ్రం మేస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు.
బడి నుంచి రిటైరై, మా రికార్డులు దిద్దే ఉద్యోగం ఆయనది.
"ఏవమ్మా సువార్తా, రొయ్యకేవన్నా జలుబు చేసిందా?
దానికి వాసన సరిగ్గా తెలియట్లేదని రాశావు!"

తొమ్మిదిమందిమి
మూతిగుడ్డల వెనక పడీపడీ నవ్వాం.
ఆయన ఎర్రపెన్నుతో
బ్యాడ్లీకి తోక వలిచేశారు.

"కొన్ని క్రియలు పని చెయ్యవు తల్లీ.
సఖినేటిపల్లి రేవులో పంటు చూళ్ళేదూ,
దానికో ఊరని లేదు.
ఈ గట్టుని ఆ గట్టుకి చుట్టం చేస్తుందంతే."

"పని చెయ్యకపోయినా కూలి వస్తుందన్నమాట"
అంది సౌభాగ్యం, కాంట్రాక్టరు కుర్చీకేసి చూస్తూ.

మరి మనకా పంటు ఏదండీ, అన్నాను.
నీళ్ళు ఉప్పన.
చెరువు రాజుగారిది.
మధ్యలో ఎవరున్నారు? ఎలా దాటుతున్నాం?
నేను కూలీని, నువ్వు కూలీవి:
ఉంటే గింటే తోకలో ఉందేమో,
అదీ మనిషిని బట్టి మారే తోక.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు.
కంప్రెసర్ ఒకటే రొద.

తెల్లారగట్ల ఖాళీలు పూరించమని కాగితం ఇచ్చారు.
ఆరోది:
మై ఫాదర్ డ్యాష్ ఎ సరంగ్.
ఈజా, వాజా?

తుఫాను నాడు అంతర్వేది దాటిన బోటు.
డీజిలు డబ్బా దొరికింది, ఒక చెప్పు దొరికింది,
చెప్పు ఆయనది కాదంది అమ్మ.
మా ఇంట్లో ఇన్నేళ్ళూ
"మా నాన్న సరంగు" అంటే సరిపోయింది.
ఎవరూ కాలం అడగలేదు.
రెండు మాటల మధ్య ఆ కాస్త జాగాలో
ఆయన ఎలా ఉంటే అలా ఉండనిచ్చాం.

ఆరోది వదిలేసి ఏడు రాశాను.
మేస్టారు చూశారు. ఎర్రపెన్ను
ఆ గీత మీద కాసేపు ఆగి
మూత పెట్టేసుకుంది.

అప్పుడే కాళ్ళకూరు లోడు దిగింది.
మొదటి క్రేటులోంచి ఒక రొయ్యని తీసి
ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
ఉప్పు, పచ్చిగా, ఇప్పుడే నీళ్ళు వదిలిన వాసన.

బాగుంది, అన్నాను.
ఏం రాయమంటావని అడిగింది సౌభాగ్యం.
బాగుంది అనే రాయి.